ఎలియట్ పనితనం

తిరుగుబాటు మీద పుస్తకమంటే తొలి పేజీల్లోనే కత్తులు లేస్తాయనుకుంటాం. జాన్ ఎలియట్ 1963లో వెలువరించిన ‘ద రివోల్ట్ ఆఫ్ ద కాటలన్స్’లో అందుకు చాలా ఓపిక పట్టాలి. 1640 జూన్ 7న, కార్పస్ క్రిస్టీ పండగనాడు, బార్సిలోనాలో కోతకూలీలు రేగిపోయారు. ఓడెక్కి తప్పించుకోబోయిన రాజప్రతినిధి శాంతా కొలోమాను సముద్రపుటొడ్డునే చంపేశారు. అక్కడికొచ్చేసరికి ఎవరెవరు ఏ తప్పు లెక్కలు వేసుకున్నారో మనకు కంఠతా వచ్చేసి ఉంటుంది.

ఎలియట్ మొదట వెతికింది స్పెయిన్ రాజు నాలుగో ఫిలిప్ కొలువులో చక్రం తిప్పిన మంత్రి ఒలివారెస్ కాగితాల కోసం. ఆయన సొంత పత్రాల్లో చాలా భాగం ఏనాడో కాలిపోయాయని తేలింది. ఇంకొకరైతే విషయమే మార్చుకునేవారు. ఈయన బార్సిలోనా దారి పట్టి కాటలన్ నేర్చుకున్నాడు, అదీ నియంత ఫ్రాంకో ఆ భాషను అణగదొక్కుతున్న రోజుల్లో. సిమాంకాస్ కోటలోని రాజపత్రాలనూ బార్సిలోనా దఫ్తరాలనూ పక్కపక్కన పెట్టి చదివాడు. పుస్తకం బలమంతా అక్కడే ఉంది.

ఒలివారెస్ వేసిన ‘ఆయుధాల కూటమి’ పథకమే చూడండి. రాజు ఏలుబడిలోని రాజ్యాలన్నీ కలిసి 1,40,000 మంది సైనికులను సిద్ధంగా ఉంచాలి. కాటలోనియా వంతు 16,000. ఆ సీమలో పది లక్షల జనం ఉన్నారని మంత్రిగారి నమ్మకం. ఉన్నది నాలుగు లక్షలకు అటూ ఇటూ. ఎలియట్ ఎవరినీ తిట్టడు, ఆ అంకె పక్కన ఈ అంకె పెడతాడంతే. 1626లో కాటలన్ సభ ఎందుకు మొండికేసిందో, 1640లో తమ ఇళ్లలో దింపిన సైన్యం మీద పల్లెలు ఎందుకు తిరగబడ్డాయో వేరే చెప్పనక్కర్లేదు.

అలాగని కాటలన్ పెద్దలను వెనకేసుకురాడు. హక్కుల గురించి గొంతు చించుకున్న దొరల్లో బందిపోట్లకు కొమ్ముకాసినవాళ్లూ ఉన్నారని చూపిస్తాడు. పేదలు ఉన్నవాళ్ల మీద పడుతుంటే బెదిరిన పెద్దలు, పౌ క్లారిస్ నాయకత్వంలో ఫ్రాన్స్ పంచన చేరిన తీరు నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం. జాతి మొత్తం ఒక్కతాటిపై లేచిందన్న కథ అక్కడ నిలవదు.

పేర్ల రద్దీ ఎక్కువే, మొదటి అధ్యాయాలు కాస్త ఇబ్బంది పెడతాయి. 1652లో బార్సిలోనా లొంగిపోవడం, 1659 సంధితో రుసిల్యోన్ ఫ్రాన్స్‌కు దక్కడం గురించి వివరంగా కావాలంటే వేరే పుస్తకం చూసుకోవాలి. పాత దస్తావేజులతో చరిత్ర రాయాలనుకునేవాళ్లు మాత్రం ముందు దీన్ని చదవండి.