ఎవరి ముఖాన్ని కొలిచిండ్రు?

'కులం మీద రాయండి, భూమి మీద రాయండి, రిజర్వేషన్ల మీద రాయండి. మాస్కు మీద రాయడానికి ఏమున్నది?' అని మా మిత్రుడొకాయన అడిగిండు. బొగ్గు గనుల ప్రాంతంలో చాలాకాలం యూనియన్ పని చేసిన మనిషి. అడిగిన తీరులో ఎగతాళి లేదు, నిజమైన సందేహమే ఉన్నది. మాస్కు అంటే ఇంజనీర్ల వ్యవహారం, డాక్టర్ల వ్యవహారం, మహా అయితే సేఫ్టీ ఆఫీసర్ వ్యవహారం అని మన ఉద్యమాలు అనుకుంటూ వచ్చినయి. 2020లో కరోనా వచ్చినంక ఎన్95 అనే మాట ఊరూరికీ తెలిసింది. కాని అది ఎవరు నిర్ణయించిండ్రు, ఎవరి ముఖం మీద పెట్టి పరీక్షించిండ్రు అని మనం అడగలేదు. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల దుమ్ములో నిలబడి ఆ ప్రశ్న అడగాలని మా ప్రయత్నం.

పనిచోట ఊపిరిని కాపాడే పరికరాలకు ప్రపంచమంతటికీ ఒకే ప్రమాణం రాయాలనే పనిని అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ ఈ శతాబ్దం మొదట్లో ఎత్తుకున్నది. అప్పటిదాకా ఎవరి లెక్క వారిదే. అమెరికాది ఎన్95, యూరప్‌ది ఎఫ్ఎఫ్‌పీ2. మన భారతీయ ప్రమాణం ఐఎస్ 9473ను 2002లో సవరించినప్పుడు యూరప్ ప్రమాణం ఈఎన్ 149నే ఒరవడిగా పెట్టుకున్నరు. ఐఎస్ఓ కమిటీ దాదాపు ఇరవై ఏండ్లు కూర్చొని 2021లో 17420 నంబరు ప్రమాణాన్ని బయటపెట్టింది. దాని చుట్టూ ఇంకొన్ని నంబర్లున్నయి. పరీక్ష పద్ధతులకు 16900, ఎంపికకు వాడకానికి నిర్వహణకు 16975, మనిషి శరీరపు లెక్కలకు 16976.

ఇందులో మెచ్చుకోవలసింది ఉన్నది, ముందు అది చెప్పాలె. పాత ప్రమాణాలకు ఫిల్టరే ముఖ్యం. దాన్ని మిషన్‌కు బిగించి, నిమిషానికి 95 లీటర్ల గాలి పంపి, ఎంత పొడి దాటిపోయిందో చూసేవి. కొత్త ప్రమాణం మనిషి దగ్గర మొదలైతది. ఎంత బరువు పని చేస్తడు, ఎంత గాలి పీలుస్తడు, ముఖం ఎట్లున్నది అని అడుగుతది. పని బరువును డబ్ల్యూ1 నుంచి డబ్ల్యూ4 దాకా, రక్షణను పీసీ1 నుంచి పీసీ6 దాకా మెట్లుగా పెట్టింది. బొగ్గు ఎత్తే మనిషి ఊపిరి, కుర్చీలో కూర్చున్న మనిషి ఊపిరి ఒకటి కాదని ఒక అంతర్జాతీయ కాగితం ఒప్పుకోవడం చిన్న సంగతి కాదు. తట్టా చెమ్మస్ పట్టిన ఎవరిని అడిగినా ఈ మాట ఎప్పుడో చెప్పేవారు.

మరి ముఖం సంగతి? మాస్కు పనితనం సగమే గుడ్డలో ఉంటది, మిగతా సగం అంచులో ఉంటది. ముక్కు పక్కన, దవడ కింద సందు దొరికితే దుమ్ము గాలి అటునుంచే లోపలికి పోతది. అందుకే ముఖాలు కొలవాలె. అమెరికాలో 1970ల నుంచి ఈ పనికి వాడిన ముఖాల పట్టికను లాస్ ఆలమోస్ ప్రయోగశాల తయారుచేసింది. దానికి ఆధారం 1967-68లో కొలిచిన అమెరికా వైమానిక దళం వాళ్ల ముఖాలు. 2003లో 3,997 మంది అమెరికా కార్మికులను కొలిచి చూస్తే, నూటికి 15 మందికి పైగా ఆ పాత పట్టికలో పట్టలేదు. సొంత దేశపు కార్మికులే పట్టలేదన్న మాట. ఇప్పుడు ఐఎస్ఓ దగ్గర ఐదు తలల నమూనాలున్నయి: చిన్నది, మధ్యస్థం, పెద్దది, పొడుగ్గా సన్నగా ఉన్నది, పొట్టిగా వెడల్పుగా ఉన్నది. వీటికి ప్రధాన ఆధారం ఆ అమెరికా కొలతలే. మందమర్రిలో బాయిలకు దిగే మనిషిది, నలభై ఏండ్లకే చెంపలు లోపలికి పోయిన మనిషిది, ఈ ఐదింటిలో ఏ తల?

ముఖాలు కొలుస్తమంటే మాకు ఒక భయం కూడా ఉన్నది, దాచుకోవడం ఎందుకు. ఈ దేశంలో మన ముఖాలను కొలవని కాలం లేదు. రిస్లే దొర 1891 నాటికే బెంగాల్‌లో ముక్కులు కొలిచి, ముక్కు వెడల్పును బట్టి కులం ఎత్తు తేల్చవచ్చునన్నడు. మద్రాసులో థర్‌స్టన్ కూడా అదే పరికరం పట్టుకొని తిరిగిండు. అంబేద్కర్ 1948లో అంటరానివాళ్ల మీద రాసిన పుస్తకంలో ఆ ముక్కుల లెక్కలనే తీసుకొని, బ్రాహ్మడూ అంటరానివాడూ వేర్వేరు జాతులన్న వాదాన్ని తలకిందులు చేసిండు. అంటే కొలత తనంతట తాను శత్రువు కాదు. ఎవరు కొలుస్తున్నరు, దేనికి కొలుస్తున్నరు అన్నదే మాటకు మూలం. మనల్ని తక్కువ చేయడానికి ముక్కు కొలిచినవాళ్లున్నరు. మన ఊపిరి నిలబెట్టడానికి అదే ముక్కును కొలవమంటే మాత్రం పట్టికలో మనం కనపడం.

పరీక్ష ఎట్ల చేస్తరో కూడా చూడాలె. ఈఎన్ 149 ప్రకారం పదిమందిని ఎంచుకుంటరు. గడ్డం నున్నగా గీసుకొని ఉండాలె. ఉప్పు నీటి తుంపర నింపిన గదిలో, గంటకు ఆరు కిలోమీటర్ల వేగంతో నడిచే పట్టా మీద నడిపిస్తరు. తల అటూ ఇటూ తిప్పమంటరు, పైకీ కిందికీ ఊపమంటరు, ఏబీసీడీలు గట్టిగా చదవమంటరు. ఎంత ఉప్పు లోపలికి వచ్చిందో లెక్క తీస్తరు. ఇది బూటకపు పరీక్ష అని మేము అనడం లేదు, ఒక గదిలో ఇంతకంటే ఏం చేయగలరు? కాని బొగ్గు ఫేసు దగ్గర నడుము వంచి, చెమటకు మాస్కు తడిసి జారుతుంటే, మిషన్ చప్పుడులో పక్కవాడిని కేకేసి పిలవడం ఏబీసీడీలు చదవడం లాంటిది కాదు. వినపడాలంటే మాస్కు కిందికి గుంజాలె. గుంజుతడు. అప్పుడు తప్పు కార్మికుడిదైతది: 'ఇచ్చినం, పెట్టుకోలేదు.'

అసలు మాస్కు ఎవరికి అందుతది అన్న ప్రశ్న దీనికంటే ముందుది. 1930-31లో అమెరికాలో పశ్చిమ వర్జీనియా రాష్ట్రంలో గాలీ బ్రిడ్జి దగ్గర హాక్స్ నెస్ట్ సొరంగం తవ్విండ్రు. సిలికా నిండిన రాయి. నీళ్లు పెట్టకుండ పొడిగానే డ్రిల్ చేసిండ్రు. లోపల పనిచేసినవాళ్లలో నాలుగింట మూడు వంతులు పని వెతుక్కుంటూ వచ్చిన నల్లజాతి కూలీలు. చూడవచ్చిన పెద్దలు మాస్కు పెట్టుకొని లోపలికి వచ్చిండ్రు, తవ్వేవాళ్లకు అది లేదు. కనీసం 764 మంది చనిపోయి ఉంటరని మార్టిన్ చెర్నియాక్ అనే డాక్టర్ 1986లో లెక్క కట్టిండు. అమెరికా గనుల శాఖ దుమ్ము మాస్కులకు ప్రమాణం పెట్టింది 1934లో, అంటే సొరంగం తవ్వుడు అయినంక.

ఇక మన దగ్గరికి వద్దం. సింగరేణిలో 1889లో ఇల్లెందు దగ్గర తవ్వకం మొదలైంది. 1920ల చివర బెల్లంపల్లికి, 1960లలో గోదావరిఖనికి వచ్చింది. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల నుంచి మాల మాదిగలు, వెనుకబడిన కులాలవాళ్లు బాయి పనికి పోయింది బొగ్గు మీద ప్రేమతో కాదు. దొర గడీలో వెట్టి తప్పించుకోవడానికి పోయిండ్రు. బాయిలో మస్టరు పడితే నెల తిరిగేసరికి జీతం వచ్చేది, 'ఒరే' అనే దొర ఉండడు. ఆ స్వేచ్ఛకు కట్టిన పన్నులాగా దుమ్మును ఒప్పుకున్నరు. దీన్ని అర్థం చేసుకోకుండ 'కార్మికులకు అవగాహన లేదు' అనేవాళ్లకు చరిత్ర తెలియదని మా అభిప్రాయం.

చట్టం ఊరుకోలేదు. సిలికా అయిదు శాతంలోపు ఉన్న దుమ్ము ఘనపు మీటరు గాలిలో 3 మిల్లీగ్రాములు మించరాదని బొగ్గు గనుల పాత నిబంధనలు చెప్పినయి. 2017 నిబంధనలు దాన్ని 2కు దించినయి. ఈ హద్దు గనిలోని గాలికి పెట్టింది, మనిషి ముక్కుకు కాదు. నీళ్లు చల్లుడు, తడి డ్రిల్లింగు, గాలి మళ్లింపు, ఇవన్నీ చేసినంకనే మాస్కు. ఐఎస్ఓ 16975 కూడా ఇదే వరుస చెప్తది. మాస్కు ఆఖరి మెట్టు. ఆ మెట్టు ఎక్కితే యజమాని ముఖానికి సరిపోయిందో లేదో పరీక్ష చేయించాలె, నేర్పించాలె, పాడైతే మార్చాలె.

మన యూనియన్లు ఈ వరుసను పట్టుకోలేదు, మా మిత్రుడు కోపగించుకున్నా సరే. అవి పట్టుకున్నది అండర్‌గ్రౌండ్ అలవెన్సును. దుమ్ముకు ధర పెంచుమన్నరు గాని దుమ్ము తగ్గించుమని అంత గట్టిగా అనలేదు. దాని మీద ఇంకో ముడి పడ్డది. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టేసినంక, తండ్రి మెడికల్ అన్‌ఫిట్ అయితే కొడుకుకు కారుణ్య నియామకం అన్న దారి మిగిలింది. తండ్రి ఊపిరితిత్తి చెడితే కొడుకుకు నౌకరి. కొలువులు లేని కాలంలో ఏ ఇల్లు ఆ దారిని కాదంటది? కుల నిర్మూలనలో అంబేద్కర్ కార్మికులనే ఎట్ల మెట్లుగా విడదీసిండ్రో 1936లో చూపిండు. వృత్తి తండ్రి నుంచి కొడుకుకు దిగే ఆ పద్ధతి ఇక్కడ ఎక్స్‌రే ఫిల్ము మీదుగా దిగుతున్నది. ఓపెన్‌కాస్టుల్లో మట్టి తీసే కాంట్రాక్టు కార్మికుడికి ఆ దారి కూడా లేదు.

ఆదిలాబాద్ అంటే బొగ్గొక్కటే కాదు, పత్తి కూడా. మా అమ్మ ఒక జిన్నింగ్ మిల్లులో సీజనంతా పనిచేసింది. కొంగు ముక్కుకు చుట్టుకునేది, ఇంటికి వచ్చేసరికి కనురెప్పల మీద నూగు ఉండేది. సెలవు మరునాడే ఛాతి పట్టేస్తదని, రెండు మూడు రోజులు పోతే సర్దుకుంటదని అనేది. మేము పెద్ద చదువుకు వచ్చినంక తెలిసింది, దాని పేరు బిసినోసిస్ అనీ, సెలవు తర్వాత మొదటిరోజు బిగుసుకోవడమే దాని గుర్తు అనీ. 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్లో ఆ రోగం పేరు రాసే ఉండె. మిల్లులో మాత్రం ఎవరూ ఆ పేరు పలకలేదు. ప్రపంచం చూసి నేర్చుకున్న పత్తి దుమ్ము ప్రమాణం అమెరికాది, 1978 నాటిది. అందులో ఒక వాక్యం ఉన్నది: పత్తి ఏరుడుకు, జిన్నింగుకు ఈ ప్రమాణం వర్తించదు. దారం తీసే మిల్లుకు లెక్క ఉన్నది, గింజ తీసే మిల్లుకు లేదు. ఐఎస్ఓ మాస్కు గురించి అమ్మకు చెప్పినం. అంతా విని, 'గా మిషన్ మీద మూత పెట్టుమనుర్రి, నా మూతి మీద ఎందుకు?' అన్నది. 16975 చెప్పిన వరుస ఇదే.

జగిత్యాల, కోరుట్ల, నిర్మల్ వైపు బీడీలు చేసే ఆడవాళ్లకైతే 'పనిచోటు' అన్న మాటే వర్తించదు. తంబాకు దుమ్ము లేచేది పిల్లలు పండుకునే అర్రలోనే. అక్కడ మాస్కు పరీక్ష చేయించే యజమాని ఎవరు? ఖార్ఖానాదారా, ఆకూ తంబాకూ తూచి ఇచ్చేవాడా?

ఇంత చెప్పినా, మాస్కు దళిత ప్రశ్న ఎట్లయితదని ఇంకా అనుమానం ఉన్నవాళ్లు 2013 నాటి పాకీపని నిషేధ చట్టం చదవాలె. దాని నిర్వచనం కింద ఒక వివరణ ఉన్నది. కేంద్రం ప్రకటించిన పరికరాలతో, రక్షణ సామగ్రితో మలాన్ని శుభ్రం చేసే మనిషిని పాకీపనివాడుగా లెక్కించరాదు. మురుగు కాలువలోకి సామగ్రి లేకుండా దించితేనే అది ప్రమాదకరమైన పని, అదే నేరం. మనిషి అదే, పని అదే, చాలాసార్లు కులమూ అదే. మాస్కు తగిలిస్తే చట్టం కంట్లోంచి కులం మాయమైతది. ఏ మాస్కు అన్నది చావుబతుకుల సంగతి. మ్యాన్‌హోల్‌లో ఆక్సిజన్ లేనప్పుడు జల్లెడపట్టే మాస్కు ఏదైనా దండగే, బయటి నుంచి గాలి అందించే పరికరం కావాలె. ఐఎస్ఓ ఈ రెంటినీ మొదటి పేజీల్లోనే వేరుచేసి పెట్టింది. 2013 నిబంధనల జాబితాలో గాలి అందించే పరికరాలూ ఉన్నయి, మామూలు ఫేస్‌మాస్కూ ఉన్నది. ఏది చేతికి వస్తదో మున్సిపాలిటీ కాంట్రాక్టరు దయ. మురుగులో చనిపోయినవారి కుటుంబానికి సుప్రీంకోర్టు 2014లో 10 లక్షలన్నది, 2023లో 30 లక్షలన్నది. ఇక్కడ కూడా ఊపిరికి ధరే పెరిగింది.

కాబట్టి ప్రమాణాలను సామ్రాజ్యవాద కుట్ర అని పక్కన పడేసే పాత అలవాటు మాకు సమ్మతం కాదు. అవి రాసే బల్ల దగ్గర తయారీదారులు, నిపుణులు కూర్చుంటరు, మాస్కు పెట్టుకునేవాడు కూర్చోడు. భారతీయ ప్రమాణాల సంస్థకు అక్కడ ఓటున్నది. ఆ ఓటు వేసే ముందు గోదావరిఖనిలో, ఆదిలాబాద్ మిల్లుల్లో ఎవరినైనా అడగాలనే నియమం పెట్టించుకోవాలె. ఐఎస్ఓ పుస్తకాలను స్విస్ ఫ్రాంకులు పెట్టి కొనుక్కోవాలె, అవి తెలుగులో లేవు. యజమాని బాధ్యతలు చెప్పే 16975 సారాన్ని మన మాటల్లో రాసి, ప్రతి గని ల్యాంప్‌రూం దగ్గర, జిన్నింగ్ మిల్లు గేటు దగ్గర అంటించడం యూనియన్లు రేపే మొదలుపెట్టగల పని. ఆ కాగితంలో కాంట్రాక్టు కార్మికుడి పేరు పర్మనెంటు కార్మికుడి పేరు పక్కనే ఉండాలె. మా మిత్రుడికి ఈ వ్యాసం అచ్చుకు ముందే పంపినం. కారుణ్య నియామకాల దగ్గర గీత గీసి, 'దీని మీద కొట్లాడుదాం' అని రాసి తిప్పి పంపిండు.