టికెట్టు 5 డాలర్లు: ఫుగాజీ బ్యాండు పనితనం

వాషింగ్టన్ డి.సి.కి చెందిన ఫుగాజీ అనే రాక్ బ్యాండు 1987 నుంచి 2002 దాకా వెయ్యికి పైగా కచేరీలు చేసింది. అమెరికాలోని 50 రాష్ట్రాలూ తిరిగింది. యూరప్, జపాన్, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికా చుట్టి వచ్చింది. ఇన్నేళ్లలో వాళ్లకు మేనేజరంటూ ఎవరూ లేరు. పెద్ద రికార్డు కంపెనీ దేనితోనూ ఒప్పందం కుదుర్చుకోలేదు. బ్యాండు పేరుతో ఒక్క టీషర్టు కూడా అమ్మలేదు. టికెట్టు మాత్రం చాలా ఏళ్లపాటు, చాలా ఊళ్లలో, 5 డాలర్లే.

ఈ సంగతులు వినగానే చాలామంది ఎంత నిజాయితీపరులో అని మెచ్చుకుని అక్కడితో ఆగిపోతారు. నిజాయితీ ఉన్నమాట నిజమే. కానీ మంచితనం ఒక్కదాన్నే నమ్ముకుంటే పదిహేనేళ్లపాటు ఊరూరా తిరగడం సాగదు. పెట్రోలు పోయించాలి, హాలు అద్దె కట్టాలి, నలుగురి ఇళ్లు గడవాలి. ఎందరో ప్రతిభావంతులు రెండు మూడు టూర్లు తిరిగేసరికే అప్పులపాలై, ఒకరి మొహం ఒకరు చూసుకోలేక విడిపోయారు. వీళ్లు విడిపోలేదు. నేను వాళ్లలో మెచ్చుకునేది పనితనాన్ని. పాటను ఎంత శ్రద్ధగా కట్టారో టూరునూ అంతే శ్రద్ధగా కట్టారు. ఒక నిర్ణయం ఇంకో నిర్ణయాన్ని మోస్తుంది, ఏ ఒక్కటి తీసేసినా మిగతావి కూలిపోతాయి.

ముందు మనుషుల గురించి కొంచెం. గిటారు వాయిస్తూ పాడే ఇయన్ మెకై, బేస్ గిటారు జో లాలీ, డ్రమ్ములు బ్రెండన్ కాంటీ. ఈ ముగ్గురే 1987 సెప్టెంబర్ 3న విల్సన్ సెంటర్ అనే హాల్లో మొదటి కచేరీ చేశారు. గీ పిచోటో తర్వాత చేరాడు, మొదట్లో గిటారు లేకుండా పాడేవాడు. మెకైకి అప్పటికే పెద్ద అనుభవం ఉంది. హైస్కూలు రోజుల్లో అతనూ స్నేహితులూ నడిపిన టీన్ ఐడిల్స్ అనే బ్యాండు కచేరీల్లో వచ్చిన డబ్బును పంచుకోలేదు. దాచిపెట్టి, బ్యాండు ముగిశాక ఆ డబ్బుతోనే 1980లో ఒక చిన్న రికార్డు వేశారు. దాని కోసం పుట్టిందే డిస్కార్డ్ రికార్డ్స్. ఫుగాజీ ఆల్బమ్‌లన్నీ అక్కడినుంచే వచ్చాయి. డిస్కార్డ్‌లో రాతపూర్వక ఒప్పందాలు ఉండవు, నోటిమాటే. రికార్డును పోస్టులో తెప్పించుకుంటే ఎంతవుతుందో అట్టమీదే అచ్చువేసేవారు. దుకాణదారు ఎక్కువ అడిగితే కొనేవాడికి వెంటనే తెలిసిపోతుంది.

ఇక ఆ 5 డాలర్ల సంగతి. వెయ్యిమంది పట్టే హాలు నిండితే వచ్చేది 5,000 డాలర్లు. అందులో హాలుకీ, సౌండుకీ, స్థానికంగా ఏర్పాట్లు చేసినవాళ్లకీ పోగా మిగిలింది బ్యాండుది. ఈ లెక్క గిట్టుబాటు కావాలంటే రెండే దారులు: హాలు నిండాలి, ఖర్చు తగ్గాలి. ధర తక్కువైతే హాలు నిండుతుంది. పేరు మాత్రమే విన్నవాడు కూడా పోతే 5 డాలర్లేగా అని వస్తాడు. ఖర్చు తగ్గాలంటే వెంట మందీ మార్బలం ఉండకూడదు. అందుకే నలుగురూ, ఇద్దరు ముగ్గురు సహాయకులూ వ్యానులో బయల్దేరేవారు. మొదటి రోజుల్లో రాత్రి పడక స్నేహితుల ఇళ్లలో, నేలమీద. బుకింగుకి ఏజెంటును పెట్టుకుంటే వచ్చినదాంట్లో వాటా ఇవ్వాలి, పైగా అతను ధర పెంచమంటాడు. అందుకని మెకైయే ఫోను దగ్గర కూర్చుని ఒక్కో ఊరితో మాట్లాడుకునేవాడు. ఇన్ని రోజులు, ఇన్ని మైళ్లు, ఏ ఊరి తర్వాత ఏ ఊరు వస్తే దారి కలిసొస్తుంది, ఎక్కడ విశ్రాంతి: ఇదంతా ఆ ఫోను దగ్గరే తేలాలి. రాక్ సంగీతం గురించి రాసేవాళ్లు ఈ పనిని పట్టించుకోరు. నా దృష్టిలో ఇది స్వరకల్పనకు తీసిపోయే పని కాదు.

ఈ దారి మొదట వేసింది వాళ్లు కాదు. 1980ల మొదట్లో కాలిఫోర్నియా నుంచి బ్లాక్ ఫ్లాగ్, కెనడా నుంచి డి.ఓ.ఎ. లాంటి బ్యాండ్లు వ్యాన్లలో తిరిగి, ఏ ఊళ్లో ఏ హాలు దొరుకుతుందో, ఎవరింట్లో పడుకోనిస్తారో ఒక్కో ఫోను నంబరూ కూడబెట్టాయి. ఆ తరం కూడబెట్టిన దారుల మీద ఫుగాజీ నడిచింది. నడిచి, వాటిని వెడల్పు చేసింది.

రెండో నిర్ణయం వయసుకు సంబంధించింది. అమెరికాలో కచేరీలు జరిగే క్లబ్బులు ఎక్కువగా బార్లే. వాటి ఆదాయం మద్యం మీద. 1984లో వచ్చిన కేంద్ర చట్టం వల్ల మద్యం కొనడానికి కనీస వయసు దేశమంతా 21 అయింది. అంటే ఇరవై ఏళ్ల కుర్రాడికి చాలాచోట్ల లోపలికి ప్రవేశమే లేదు. రాక్ సంగీతాన్ని ప్రాణంగా వినే వయసే అది! మెకైకి ఈ బాధ స్వయంగా తెలుసు. టీన్ ఐడిల్స్ రోజుల్లో శాన్ ఫ్రాన్సిస్కోలోని ఒక క్లబ్బు, ఈ పిల్లలకు మద్యం పొయ్యొద్దని గుర్తుగా, వాళ్ల చేతుల వెనక నల్ల సిరాతో పెద్ద ఇంటూ గుర్తు పెట్టి లోపలికి రానిచ్చింది. ఆ ఉపాయాన్ని వాళ్లు వాషింగ్టన్‌కు తెచ్చి అక్కడి క్లబ్బులకు చెప్పారు. ఫుగాజీ వచ్చేసరికి అది షరతుగా మారింది. ఏ వయసువాళ్లనైనా రానిస్తేనే వాయిస్తాం. క్లబ్బు ఒప్పుకోకపోతే చర్చి హాలు, కాలేజీ జిమ్ము, సంఘం భవనం, ఏది దొరికితే అది. 1990 చివర్లో లోర్టన్ జైల్లో ఖైదీలకు వాయించారు. 1991 జనవరిలో గల్ఫ్ యుద్ధానికి వ్యతిరేకంగా శ్వేతసౌధం ఎదుటి పార్కులో, చలిలో, వాయించారు. బారు మీద ఆధారపడనివాడికి హాలు ఎక్కడైనా దొరుకుతుంది. ధర నిర్ణయమూ వయసు నిర్ణయమూ ఇక్కడ ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

పిల్లలు వచ్చే చోట దెబ్బలాటలు ఉండకూడదు. ఆ రోజుల్లో ఇలాంటి కచేరీల్లో వేదిక ముందు కుర్రాళ్లు ఒకరినొకరు గుద్దుకుంటూ, జనం తలలమీద దూకుతూ ఉండేవారు. చిన్నవాళ్లూ ఆడపిల్లలూ గోడవైపు నెట్టబడేవారు. ఫుగాజీ పాట ఆపేసేది. మెకై మైకులో ఆ మనిషిని నేరుగా, మర్యాదగానే పిలిచి మాట్లాడేవాడు. వినకపోతే బయటకు పంపేవారు, కానీ డబ్బు ఉంచుకోకుండా కవరులో 5 డాలర్ల నోటు పెట్టి చేతికిచ్చి మరీ. అలాంటి కవర్లు సిద్ధంగా వ్యానులో ఉండేవి. ఆ కవరు గురించి ఆలోచించినకొద్దీ నాకు ముచ్చటేస్తుంది. గొడవపడే మనిషి చేతిలో ఉండే ఒకే ఒక్క వాదన, నేను డబ్బులిచ్చి వచ్చాను అన్నది. ఆ వాదనను వాళ్లు ముందే కవరులో పెట్టి అంటించేశారు.

జెమ్ కోహెన్ దాదాపు పదేళ్లపాటు వీళ్లను చిత్రీకరించి 1999లో ‘ఇన్‌స్ట్రుమెంట్’ అనే డాక్యుమెంటరీ తీశాడు. అందులో ఒకచోట పిచోటో పాట ఆగిన సందులో, ముందువరసలో దౌర్జన్యం చేస్తున్న కుర్రాడితో మాట్లాడతాడు. నువ్వు ఇందాక ఐస్‌క్రీం తింటుండగా చూశాను, ఎంత మంచి పిల్లవాడో అనుకున్నాను అన్న ధోరణిలో. పక్కనున్నవాళ్లు నవ్వుతారు, ఆ కుర్రాడి పౌరుషం దిగిపోతుంది. కండబలంతో కాకుండా మాటతో వేదిక ముందున్న నాలుగడుగుల స్థలాన్ని చక్కదిద్దడం కూడా నేర్చుకోవలసిన విద్యే. అదే సినిమాలో 1988లో ఫిలడెల్ఫియా జిమ్ములో పిచోటో బాస్కెట్‌బాల్ వలలో తలకిందులుగా వేలాడుతూ పాడటం ఉంటుంది. అందరూ చూపించేది ఆ దృశ్యమే. నాకు మాత్రం ఐస్‌క్రీం మాటలే ఎక్కువ ఇష్టం.

ఇప్పుడు వేదికమీదికి వద్దాం. అసలు ఇంత కట్టుదిట్టం దేనికోసమో అక్కడే తెలుస్తుంది.

ఫుగాజీ పాటల వరస ముందుగా రాసుకునేది కాదు. ఈ రాత్రి ఏ పాటతో మొదలవుతుందో, దాని తర్వాత ఏది వస్తుందో వాళ్లకే తెలియదు. ఒక పాట చివరి గిటారు రొద ఇంకా మోగుతుండగానే లాలీ ఇంకో పాట బేస్ అందుకోవచ్చు. లేదా కాంటీ డ్రమ్ముమీద ఒక నడక మొదలుపెట్టవచ్చు. మిగతా ముగ్గురూ రెండు మూడు దెబ్బల్లో గుర్తుపట్టి చేరిపోవాలి. మన కచేరీలో గాయకుడు పల్లవి ఎత్తుకోగానే మృదంగం తాళం పట్టుకుని చేరినట్టు. దీనికోసం తమ పాటల్లో చాలా భాగం ఎప్పుడూ చేతిలో సిద్ధంగా ఉండాలి. నెలల తరబడి రోజుకో ఊళ్లో అదే వరస వాయిస్తే చేతులు వాటంతటవే కదులుతాయి, చెవి నిద్రపోతుంది. టూరు చేసే బ్యాండుకు పెద్ద శత్రువు అలసట కాదు, ఈ నిద్రే. వరస రాసుకోకపోవడం దానికి వాళ్లు కనిపెట్టిన మందు. గొడవ వల్ల పాట ఆగిపోయినా నష్టం లేదు, ఎక్కడినుంచైనా మళ్లీ అందుకోవచ్చు.

పరికరాలు కూడా అంతే పొదుపు. మెకై గిటారు తీగ నేరుగా యాంప్లిఫయరులోకి వెళ్లేది, మధ్యలో శబ్దం మార్చే పెడళ్లు ఉండేవి కావు. మెత్తదనం, కరుకుదనం, రొద అన్నీ చేతివేళ్లతోనూ గిటారుమీది వాల్యూం గుండీతోనూ తెప్పించాలి. కాంటీ డ్రమ్ముల దగ్గర ఒక పెద్ద గంట ఉండేది. రొద మధ్యలో అది ఒక్కసారి మోగితే హాలంతా తలెత్తి చూసేది. రంగురంగుల లైట్ల హంగులేవీ ఉండేవి కావు. మోసుకెళ్లే సామాను తక్కువైతే విరిగేదీ తక్కువే, దించి బిగించడానికి పట్టే సమయమూ తక్కువే. టూరు లెక్క ఇక్కడ సంగీతపు లెక్కతో కలిసిపోయింది.

దగ్గర్నుంచి ఒక్క పాట వినండి. 1988లో వచ్చిన మొదటి రికార్డులోని ‘వెయిటింగ్ రూమ్’. లాలీ బేస్ ఒంటరిగా మొదలవుతుంది. నాలుగైదు స్వరాల చిన్న నడక, అదే మళ్లీ మళ్లీ. డ్రమ్ములు చేరతాయి, గిటారు పొడిపొడిగా కొడుతుంది. అంతా ఊపందుకుంది, ఇక గొంతు రావాలి అనుకునేసరికి అందరూ ఒక్కసారిగా ఆగిపోతారు. ఏమీ ఉండదు. కొన్ని క్షణాలు పూర్తి ఖాళీ. మళ్లీ ఏ హెచ్చరికా లేకుండా అదే బేస్. ఇంట్లో వింటే అది తెలివైన ఎత్తుగడలా ఉంటుంది. లైవ్ రికార్డింగులో వింటే సంగతి అర్థమవుతుంది. ఆ ఖాళీ జనం కోసం వదిలిన స్థలం. ఒక ఊళ్లో అందులోకి కేక పడుతుంది, ఇంకో ఊళ్లో నవ్వు పడుతుంది. పాట కట్టేటప్పుడే హాలును లెక్కలోకి తీసుకున్నారన్నమాట. రోడ్డుమీద బతికేవాళ్లు మాత్రమే ఇలాంటి పాట కట్టగలరు.

1993లో న్యూయార్క్ రోజ్‌లాండ్‌లో కచేరీ జరిగినప్పుడు అట్లాంటిక్ రికార్డ్స్ స్థాపకుల్లో ఒకరైన అహ్మెట్ ఎర్టెగున్ స్వయంగా వచ్చి తమ కంపెనీలో చేరమన్నాడు. రే చార్ల్స్ రికార్డులు వేసిన మనిషి ఆయన. వీళ్లు మర్యాదగా వద్దన్నారు. దీన్ని త్యాగమంటే నేను ఒప్పుకోను. కంపెనీ వస్తే ఏజెంటు వస్తాడు, ఏజెంటు వస్తే టికెట్టు పెరుగుతుంది, పెరిగితే కుర్రాళ్లు బయట ఉండిపోతారు, వాళ్లు లేని హాల్లో ఆ ‘ఖాళీ’లో పడే కేక మారిపోతుంది. తమ చేతిలో ఉన్నదేమిటో తెలిసిన పనివాళ్లు దాన్ని పాడుచేసుకోలేదు, అంతే.

2002 నవంబర్‌లో లండన్ కచేరీల తర్వాత బ్యాండు విరామం తీసుకుంది. విడిపోయామని ఇప్పటిదాకా ప్రకటించలేదు. తిరిగిన ఆ పదిహేనేళ్లూ వాళ్ల సౌండు ఇంజినీర్లు దాదాపు ప్రతి రాత్రీ రికార్డు చేస్తూ వచ్చారు, మొదట క్యాసెట్లమీద. 800కు పైగా కచేరీల రికార్డింగులు అలా మిగిలాయి. 2011 నుంచి డిస్కార్డ్ వాటిని ఆన్‌లైన్‌లో పెట్టడం మొదలుపెట్టింది. తప్పు స్వరాలు, తెగిన తీగలు, జనంతో వాదనలు ఉన్నవి ఉన్నట్టే ఉంచారు. స్టూడియో ఆల్బమ్‌లలో ‘రిపీటర్’, ‘రెడ్ మెడిసిన్’, ‘ది ఆర్గ్యుమెంట్’ చాలా మంచివి. అయినా నన్నడిగితే ఫుగాజీ అసలు రచన ఈ క్యాసెట్ల గుట్టే. ఒకే పాట వందల రాత్రుల్లో ఎలా మారిందో వినిపించే ఇలాంటి భాండారం రాక్ సంగీతంలో అరుదు.

కొత్తగా వినేవాళ్లు ‘13 సాంగ్స్’ ఆల్బమ్‌తో మొదలుపెట్టండి. తర్వాత అందులోని ఒక పాటను ఎంచుకుని, 1988 నాటి కచేరీలో ఒకసారీ, 2000 తర్వాతి కచేరీలో ఒకసారీ వినండి. మొదటిసారి గొంతుల వెంట పోకుండా లాలీ బేస్‌ను పట్టుకోండి. మిగతా ముగ్గురూ ఎక్కడ దానికి చేరుతున్నారో మీకే తెలుస్తుంది.