వీపు మీది బరువుకు తగ్గ సంచి

అమెరికా పడమటి కొండల్లో, మోంటానా, కొలరాడో వైపు, ఎల్క్ అనే పెద్ద దుప్పిని వేటాడేవాళ్లకు అసలు కష్టం తుపాకీ పేలాకే మొదలవుతుంది. బండి పోని చోటు నుంచి మాంసమంతా వీపు మీదే దిగాలి. ఎముకలు తీసేసినా పెద్ద మగ ఎల్క్ మాంసం దాదాపు 90 కిలోలు ఉంటుంది. విడతకు 30 కిలోలైనా మోయక తప్పదు. ఆ బరువు కింద మనిషి నడుం నిలిపే సంచిని కుట్టేవాళ్లంటే నాకెంతో గౌరవం.

1952లో కాలిఫోర్నియాలో డిక్ కెల్టీ అల్యూమినియం చట్రాలు తయారుచేస్తే, భార్య నీనా సంచులు కుట్టేది. బరువును భుజాల నుంచి తుంటి మీదికి దించే నడుం పట్టీకి పేరు తెచ్చినవాళ్లలో వాళ్లు ముందుంటారు.

నేటి వేట సంచుల్లో నాకు బాగా నచ్చింది చట్రానికీ సంచికీ మధ్య ఉండే అర. సంచిని వెనక్కి జరిపి, మాంసాన్ని ఆ సందులో పెట్టి పట్టీలు బిగిస్తారు. బరువు వెన్నును ఆనుకుని ఉంటుంది, మనిషిని వెనక్కి లాగదు. లోపలి బట్టలకు నెత్తురూ అంటదు. ఎంత చక్కటి ఉపాయం!

కొనేటప్పుడు లీటర్ల లెక్క తర్వాత చూసుకోవచ్చు. ముందు వీపు పొడవు తెలియాలి: మెడ కింద పొడుచుకొచ్చే ఎముక నుంచి తుంటి ఎముకల పై అంచు దాకా. చట్రం వంగినా, నడుం పట్టీ జారినా ఆ సంచి వద్దు. ఖాళీ సంచి ఎవరికైనా హాయిగానే ఉంటుంది. ఇసుక మూటలతో 25 కిలోలు నింపి, మెట్లెక్కి దిగి చూశాకే డబ్బు చెల్లించండి.