బండి ఇక్కడ, నంబరు అక్కడ

కాకినాడ దాటి దక్షిణంగా పోతే, ఆంధ్ర నేల మధ్యలో ఉన్నట్టుండి పుదుచ్చేరి తగులుతుంది. అదే యానాం, మొత్తం కలిపి ముప్పై చదరపు కిలోమీటర్లు. మాట తెలుగే, తిండి గోదావరి తిండే, బళ్ల మీద నంబరు మాత్రం పీవై 04. ఆ ఊళ్లో ఉన్నవాళ్లకు ఆ నంబరు హక్కు. ఊళ్లో ఒక్క రాత్రి కూడా పడుకోనివాళ్లకు పీవై నంబరు ఎలా వచ్చిందన్నదే ప్రశ్న. ఇదే ప్రశ్న లాస్ ఏంజెలెస్‌లో ఖరీదైన స్పోర్ట్స్ కార్ల వెనక మోంటానా ప్లేటు చూసినప్పుడూ వస్తుంది. మోంటానా అక్కడికి వెయ్యి మైళ్ల దూరం. చలికాలమంతా మంచు పడే ఆ కొండల్లో అలాంటి కారు బయటికి తీసేవాడు ఎవడూ ఉండడు.

రెండు చోట్లా లెక్క ఒకటే. పన్ను తక్కువ ఉన్నచోట నంబరు, రోడ్డు బాగున్నచోట బండి. అయితే రెండూ ఒకే రకం తప్పు అని కొట్టిపారేస్తే అసలు తేడా జారిపోతుంది.

ముందు మోంటానా సంగతి. ఆ రాష్ట్రంలో అమ్మకపు పన్ను లేదు. పొగ పరీక్ష లేదు. నాలుగేళ్ల లోపు కారుకు ఏడాది రిజిస్ట్రేషను ఫీజు 217 డాలర్లు. పదకొండేళ్లు నిండిన బండికి ఒక్కసారి కడితే నంబరు శాశ్వతం. కాలిఫోర్నియావాడు నేరుగా వెళ్లి తన పేర నంబరు అడిగితే ఇవ్వరు, అతను అక్కడివాడు కాదు కనుక. అందుకని అక్కడ ఒక ఎల్‌ఎల్‌సీ, అంటే పరిమిత బాధ్యత కంపెనీ, పుట్టిస్తాడు. దానికి రాష్ట్రం తీసుకునేది 35 డాలర్లు. స్థానిక ఏజెంటు తన ఆఫీసు చిరునామా ఇచ్చి, కాగితాల పని చూసిపెట్టి, తన ఫీజు తాను తీసుకుంటాడు. ఇక కారు కంపెనీది, కంపెనీ ఇతనిది. ఆ కంపెనీకి వ్యాపారం లేదు, నౌకర్లు లేరు, ఉన్న ఆస్తల్లా ఆ కారే.

మిగిలేదెంత? రెండు లక్షల డాలర్ల కారుకు కాలిఫోర్నియా కనీస అమ్మకపు పన్ను 7.25 శాతం, అంటే పద్నాలుగున్నర వేల డాలర్లు. కౌంటీ పన్నులు కలిస్తే ఇంకా పైనే. ఇందులో నాకు అన్నిటికన్నా ఘాటుగా తోచేది మోంటానా ప్రవర్తన. తమ ప్లేట్లకు బయట గిరాకీ ఉందని ఆ రాష్ట్రానికి తెలుసు. తెలిసి ఏం చేసింది? లక్షన్నర డాలర్లు దాటిన, పదేళ్ల లోపు కార్ల మీద ఏటా 825 డాలర్ల విలాస రుసుము పెట్టింది. ఆపలేదు, వాటా తీసుకుంది. కాలిఫోర్నియా రోడ్డు అరుగుతుంది, మోంటానా ఖజానా నిండుతుంది.

పుదుచ్చేరి కథలో ఇంత న్యాయశాస్త్రం లేదు. 2017లో కేరళలో గొడవ బయటపడింది. సినిమా నటుల ఖరీదైన కార్లు, అప్పటి ఒక రాజ్యసభ సభ్యుడి కారు పీవై నంబర్లతో కేరళలో తిరుగుతున్నాయని తేలింది. ఇరవై లక్షలు దాటిన కారుకు కేరళ అప్పట్లో ఇరవై శాతం పన్ను వేసేది. కోటి రూపాయల కారుకు ఇరవై లక్షలన్న మాట. పుదుచ్చేరిలో అందులో చిన్న భాగంతో తేలిపోయేది. కావలసిందల్లా పుదుచ్చేరిలో ఒక అద్దె కాగితం, ఒక అఫిడవిట్. ఆ చిరునామాకు వెళ్లి చూస్తే ఇంటివాళ్లకు కారు సంగతే తెలియదు. క్రైం బ్రాంచి మోసం, ఫోర్జరీ కింద కేసులు పెట్టింది.

కేరళవాడిది దొంగ చిరునామా. కాలిఫోర్నియావాడిది దొంగ యజమాని. మొదటిది మోటు అబద్ధం, పోలీసు వెళ్లి తలుపు తడితే బయటపడుతుంది. రెండో దానిలో ప్రతి కాగితం నిజమే, కలిపి చదివితేనే అబద్ధం. కోర్టులో ఎవరు ఎక్కువ కాలం నిలబడతారన్నది ఊహించవచ్చు. నా మట్టుకు మోంటానా పద్ధతే ఎక్కువ చెడ్డది. ఫోర్జరీ చేసినవాడికి కనీసం భయం ఉంటుంది. ఎల్‌ఎల్‌సీ పెట్టినవాడు తెలివైనవాణ్నని తిరుగుతాడు.

చట్టాల సంగతికి వస్తే పోలిక తలకిందులవుతుంది. కాలిఫోర్నియాలో స్థిరపడ్డవాడు ఇరవై రోజుల్లో నంబరు మార్చుకోవాలి. టెక్సాస్‌లో ముప్పై రోజులు, న్యూజెర్సీలో అరవై. మన 1988 మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను పన్నెండు నెలలు దాటితేనే కొత్త నంబరు అడుగుతుంది. కాగితం మీద మనదే ఔదార్యం. కాని పన్ను దగ్గరకు వచ్చేసరికి ఆ ఔదార్యం ఆవిరవుతుంది. వాహనాల మీద పన్ను రాజ్యాంగం రాష్ట్రాలకు ఇచ్చిన అధికారం. రాష్ట్రాలేమో కారు కొన్న రోజే జీవితకాలం పన్ను ఒక్క ఊపున గుంజుకుంటాయి. తెలంగాణ 2022లో సవరించిన పట్టికలో అయిదు లక్షల లోపు కారుకు 13 శాతం, ఇరవై లక్షలు దాటితే 18 శాతం ఉండేది.

ఇప్పుడు విజయవాడలో కారు కొని, ఉద్యోగం మారి బెంగళూరు వెళ్లిన పిల్లవాణ్ని తీసుకోండి. బ్యాంకు లోను ఉంటే ముందు బ్యాంకు దగ్గర ఎన్‌వోసీ, తర్వాత విజయవాడ ఆర్టీవో దగ్గర ఎన్‌వోసీ. బెంగళూరులో కారు వయసుకు తగ్గట్టు తగ్గించి మళ్లీ లైఫ్ ట్యాక్స్. మొదట కట్టినదానిలో మిగిలిన వాటా ఆంధ్రప్రదేశ్ తిరిగి ఇవ్వాలి, కాని దానికోసం కొత్త ఆర్సీ పట్టుకుని మళ్లీ విజయవాడ తిరగాలి. సెలవు పెట్టి ఎన్నిసార్లు తిరుగుతాడు? చాలామంది వదిలేస్తారు. అంటే ఒకే కారుకు రెండు రాష్ట్రాలు పన్ను తిన్నట్టే. పైగా 2014లో కర్ణాటక ముప్పై రోజులు దాటి ఉన్న బయటి బళ్లన్నీ జీవితకాలం పన్ను కట్టాలని సవరణ తెచ్చి, రోడ్డు మీద ఆపి వసూలు మొదలుపెట్టింది. తర్వాత హైకోర్టు ఆ సవరణను కొట్టేసింది. కేంద్ర చట్టం పన్నెండు నెలలంటే రాష్ట్రం ముప్పై రోజులంది. ఈ గందరగోళంలో ఏపీ 39 నంబరు మార్చకుండా బెంగళూరులో తిరిగే కుర్రాణ్ని, పుదుచ్చేరిలో దొంగ చిరునామా సృష్టించిన కోటీశ్వరుణ్ని ఒకే బోనులో నిలబెట్టడం అన్యాయం.

అమెరికాలో మనవాళ్లకు ఈ సాకు లేదు. ప్రాజెక్టు మారి డాలస్ చేరిన కుటుంబం టెక్సాస్‌కు కారు మీద కట్టే కొత్త నివాసి పన్ను 90 డాలర్లు. రిజిస్ట్రేషను ఫీజు ఏటేటా కట్టేదే కాబట్టి, ఒక రాష్ట్రం పదిహేనేళ్ల డబ్బు మింగి కూర్చునే ప్రసక్తే లేదు. అయినా పాత ప్లేటు వదలనివాళ్లు మన తెలుగువాళ్లలోనూ కనిపిస్తారు. ప్రాజెక్టు ఆర్నెల్లేగా అంటారు, ఆ ఆర్నెల్లు రెండేళ్లవుతాయి. అసలు కారణం చాలాసార్లు బీమా. కొత్త చోట ప్రీమియం ఎక్కువ. కాని యాక్సిడెంటు అయిన రోజున బీమా కంపెనీ అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి, కారు రాత్రిళ్లు ఎక్కడ ఉంటుందన్నదే. తప్పుడు జవాబు రాసిచ్చినవాడికి అప్పుడు తెలుస్తుంది మిగిల్చిందెంతో.

పట్టుకోవడంలోనూ రెండు దేశాల దారులు వేరు. కాలిఫోర్నియా హైవే పోలీసులు ‘చీటర్స్’ పేరుతో ఒక కార్యక్రమం నడుపుతున్నారు. పక్కింట్లో బయటి ప్లేటు కారు చాన్నాళ్లుగా ఉంటే ఎవరైనా ఫిర్యాదు పంపవచ్చు. మన దగ్గర పక్కింటివాడు అంత పని చేయడు, చేస్తే వీధిలో తలెత్తుకు తిరగలేడు. ఇక్కడ ఆపేది రోడ్డు మీద బ్రేక్ ఇన్‌స్పెక్టరే. పైగా ప్లేటు ఒక్కటే చూసి ఎవరు ఎగవేతదారో చెప్పడం మన నగరాల్లో సాధ్యం కాదు. 2014 జూన్ 2కు ముందు హైదరాబాద్‌లో ఇచ్చిన ఏపీ 09 నంబర్లు ఇప్పటికీ అక్కడ తిరుగుతున్నాయి. ఆ బళ్లు కదల్లేదు, కిందున్న రాష్ట్రమే మారింది.

మన వైపు నుంచి వచ్చిన మంచి ఆలోచన బీహెచ్ సిరీస్. 2021 ఆగస్టులో కేంద్రం నోటిఫికేషను ఇచ్చింది. జీవితకాలం పన్ను లేదు, రెండేళ్లకోసారి కడితే చాలు. బదిలీ అయినా నంబరు మార్చక్కర్లేదు. పెట్రోలు కారుకు ధరను బట్టి 8, 10, 12 శాతాల పట్టిక. ఈ రోగానికి సరైన మందు ఇదే. కాని ఇచ్చింది ఎవరికి? సైన్యానికి, ప్రభుత్వోద్యోగులకు, నాలుగు రాష్ట్రాల్లో ఆఫీసులున్న కంపెనీల ఉద్యోగులకు. గుంటూరు నుంచి పుణె వెళ్లి మిర్చి కమిషన్ కొట్టు పెట్టుకున్నవాడికి లేదు. సొంత టాక్సీ నడిపేవాడికి లేదు. ఊళ్లు మారేది ఉద్యోగస్థులు మాత్రమేనా?

కార్ల విషయంలో పోయేది డబ్బు. బస్సుల దగ్గరకు వస్తే మాట వేరు. అమెరికా హైవేల మీద సరుకు ట్రెయిలర్లకు మెయిన్ రాష్ట్రపు ప్లేట్లు కనిపిస్తాయి, కారణం అక్కడ చాలా ఏళ్లకు ఒకేసారి చవగ్గా నంబరు ఇవ్వడం. మన హైవేల మీద రాత్రి స్లీపర్ బస్సులకు నాగాలాండ్, అరుణాచల్ ప్రదేశ్, డామన్ డయ్యూ నంబర్లు. ట్రెయిలర్‌లో ఉండేది సరుకు, బస్సులో నిద్రపోయేది మనుషులు. 2023లో వచ్చిన ఆలిండియా టూరిస్టు పర్మిట్ నిబంధనలతో ఏ రాష్ట్రంలో నంబరు తీసుకున్నా ఎక్కడైనా తిప్పే వీలుంది. ఆ పర్మిటు మీదే రోజూ టిక్కెట్లు అమ్మి రూటు బస్సుల్లా నడిపేస్తున్నారు. 2024 జూన్‌లో తమిళనాడు ఇలాంటి బస్సుల్ని ఆపింది.

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో, హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న స్లీపర్ బస్సు తగలబడి పందొమ్మిది మంది ప్రయాణికులు చనిపోయారు. ఆ బస్సు మొదటి నంబరు డామన్ డయ్యూది. నంబరు వల్ల మంట పుట్టలేదు, బైకును ఈడ్చుకుపోవడం వల్ల పుట్టింది. కాని ఒక రాష్ట్రం పుస్తకాల్లో ఉన్న బస్సు రోజూ మరో మూడు రాష్ట్రాల రోడ్ల మీద నడుస్తుంటే, అత్యవసర తలుపు ముందు బెర్తు బిగించారా లేదా అని చూసే బాధ్యత ఎవరిదో తేలదు. పన్ను ఎగవేత కంటే ఇది పెద్ద నేరం, దీనికి శిక్ష అతి చిన్నది.

బీహెచ్ పద్ధతిని ప్రతి పౌరుడి కారుకు తెరవాలి, లైఫ్ ట్యాక్స్ ఎత్తేసి రెండేళ్లకోసారి వసూలు చేయాలి. ఆ తర్వాత దొంగ చిరునామా నంబర్ల మీద కనికరం అక్కర్లేదు. బస్సులు తిరిగే రాష్ట్రంలోనే ఏటా ఫిట్‌నెస్ పరీక్ష జరగాలని తెలుగు రాష్ట్రాలు రెండూ కేంద్రాన్ని అడగాలి. అవి జరిగేదాకా మీరు చేయగలిగింది ఒకటుంది. రాత్రి బస్సు ఎక్కేముందు దాని నంబరు ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి చూడండి. ఫిట్‌నెస్, బీమా ఎప్పటిదాకా ఉన్నాయో తెలుస్తుంది. గడువు తీరితే ఎక్కకండి, టిక్కెట్టు డబ్బులు పోయినా సరే.