అర్హత గీత జరిపేదెవరు, ఆగిపోయేదెవరు?

యూనివర్సిటీలో పాఠం చెప్పడానికి అర్హత ఏమిటని ఎవరైనా అడిగితే, ఏ సంవత్సరంలో అని ఎదురు అడగాలి. 1991లో యూజీసీ నెట్ పాసు కావాలన్నది. తర్వాత, 1993 డిసెంబర్ 31 లోపు ఎం.ఫిల్. పూర్తిచేసినోళ్లకు, పీహెచ్.డీ. థీసిస్ ఇచ్చినోళ్లకు అక్కర్లేదన్నది. 2006లో పీహెచ్.డీ. ఉంటే చాలన్నది. 2009లో మాట మార్చి, ఆ ఏటి కొత్త నిబంధనల ప్రకారం వచ్చిన పీహెచ్.డీ.కే మినహాయింపు అన్నది. 2018లో యూనివర్సిటీ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి పీహెచ్.డీ. తప్పనిసరి చేసి, అమలు వాయిదా వేసి, 2023లో తానే ఎత్తేసింది.

2009 మార్పు మీద కోర్టుకెక్కినోళ్లకు దక్కిందేమిటి? పి. సుశీల కేసులో 2015 మార్చి 16న సుప్రీంకోర్టు యూజీసీనే సమర్థించింది. పాత పీహెచ్.డీ.ల పక్షాన అలహాబాద్ హైకోర్టు ఇచ్చిన తీర్పును కొట్టేసింది. ఉద్యోగం చేతికొచ్చేదాకా స్థిరపడిన హక్కేమీ లేదు, దరఖాస్తును పరిశీలించమనే హక్కే ఉంటుంది, ప్రమాణాల కోసం చేసిన వర్గీకరణ సమానత్వానికి విరుద్ధం కాదు - ఇదీ తీర్పు సారం.

మార్చే అధికారం ఎవరిదన్న ప్రశ్నకు ఇందులో జవాబుంది. మార్పు బరువు ఎవరి నెత్తిన పడుతుందన్న ప్రశ్నే లేదు.

2005-06లో ఎస్సీ, ఎస్టీ పరిశోధకులకు రాజీవ్ గాంధీ ఫెలోషిప్ మొదలైంది. అప్పట్లో దానికి నెట్ అవసరం ఉండేది కాదు. మన వాడల నుంచి ఎందరో ఆ డబ్బుతోనే పరిశోధన దాకా వచ్చారు. తొలి బ్యాచ్‌ల వాళ్లు పాత నిబంధనల కింద చేరినోళ్లు. వాళ్ల చదువు ముగిసే వేళకి గుమ్మం దగ్గర నెట్ అడ్డం నిలబడింది. ఫెలోషిప్ నడిపిందీ, అడ్డం పెట్టిందీ ఒకే యూజీసీ! ఇంట్లో కూర్చుని మరో రెండేళ్లు చదువుకోగలిగినోడికి అది ఆలస్యం మాత్రమే. కూలి డబ్బుల ఇంటినుంచి వచ్చినోడికి అది ఉద్యోగం పోయినట్టే.

ఇంతా చేసి 2016లో ఏమైంది? రెగ్యులర్‌గా చేసి ఉండాలి, బయటి పరీక్షకులు ఇద్దరు చూసి ఉండాలి, రెండు పేపర్లు అచ్చయి ఉండాలి వంటి షరతులతో పాత పీహెచ్.డీ.లకు యూజీసీయే మినహాయింపు ఇచ్చింది. నిన్నటి దాకా కదలని ‘ప్రమాణం’ ఇవాళ ఎట్లా కదిలింది? మధ్యలో పోయిన ఏళ్లకు జవాబుదారీ ఎవరు?

ఆట మొదలయ్యాక నియమాలు మార్చకూడదని 2008లో మన రాష్ట్రం నుంచి వెళ్లిన మంజుశ్రీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నిబంధనల్లో వీలుంటే తప్ప అర్హతలు మధ్యలో మార్చరాదని 2024 నవంబర్ 7న రాజ్యాంగ ధర్మాసనం ఖాయం చేసింది. మంచిదే. కానీ కోర్టు లెక్కలో ఆట నోటిఫికేషన్‌తో మొదలవుతుంది. తొలితరం దళిత విద్యార్థికి అది పీహెచ్.డీ.లో చేరిన రోజే మొదలైంది.

నెట్ వద్దనడం మన వాదన కాదు. నెట్ జవాబు పత్రానికి కులం తెలియదు, ఇంటర్వ్యూ బల్ల వెనక కూర్చున్నోళ్లకు తెలుస్తుంది. పరీక్ష పెట్టండి, ప్రమాణం పెంచండి. అయితే పరిశోధనలో చేరిన నాటి నిబంధనే ఆ విద్యార్థికి చివరిదాకా వర్తించాలి. గీత జరిపే ముందు దానివల్ల ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులు ఎందరు అవతల పడతారో లెక్కతీసి బయటపెట్టాలి. ఈసారి కోర్టుకు వెళ్లేవాళ్లు ముందు ఆ లెక్కే అడగాలి.