బురద కూడా కావాలి

చలికాలం పొద్దున్నే అమీన్‌పూర్ చెరువు కట్ట మీద బైనాక్యులర్‌తో నిలబడితే, నడకకు వచ్చినవాళ్లు ఆగి అడిగేది ఒక్కటే: “ఫ్లెమింగోలు వచ్చాయా సార్?” వచ్చిన రోజు నాకూ పండగే. కానీ ఏ పక్షి వచ్చిందన్నదాని కన్నా, అది చెరువులో ఎక్కడ నిలబడిందన్నదే నాకు ఎక్కువ సంగతులు చెబుతుంది.

హైదరాబాద్ శివారులోని ఈ కుతుబ్‌షాహీల నాటి చెరువు చెత్తతో, మురుగుతో ఏళ్ల తరబడి నలిగింది. వలంటీర్లు, పోలీసులు కలిసి చెత్త ఎత్తారు, మొక్కలు నాటారు. 2016లో దీన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. దేశంలో నగరాన్ని ఆనుకున్న ఒక చెరువుకు ఆ గుర్తింపు దక్కడం అదే మొదలు.

ఇలాంటి చెరువులో ఒడ్డు నుంచి లోపలికి చూపు నెమ్మదిగా జరపాలి. తడి బురదలో ఉల్లంకులు ముక్కు గుచ్చి పురుగులు ఏరుకుంటాయి. కాస్త లోపల, పొడుగాటి గులాబీ కాళ్ల మీద స్టిల్ట్ నడుస్తుంది. ఆ పక్కనే షవలర్ బాతు వెడల్పాటి ముక్కును నీటికి ఆనించి, తల అటూ ఇటూ తిప్పుతూ సాగుతుంది. ముక్కు అంచున దువ్వెన పళ్లలాంటి సన్నటి వరస ఉంటుంది. నీళ్లు బయటికి పోతాయి, పురుగూ విత్తనమూ లోపల నిలుస్తాయి. నడి చెరువులో నీటికాకి మునిగి చేపతో తేలుతుంది. నలుపు తెలుపు లకుముకి గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ ఆగి, నిట్టనిలువునా దూకుతుంది. పైనుంచి చేప కంటికి ఆనేంత తేటగా నీళ్లుంటేనే దానికి వేట.

ఒక్కో లోతుకు ఒక్కో ముక్కు, ఒక్కో కాలు. మనం చెరువు బాగుచేయడంలో మరిచిపోతున్నది దీన్నే. పూడిక తీసి, చుట్టూ నిటారుగా రాతికట్టు కట్టి, వాకింగ్ ట్రాక్ వేసి, లైట్లు పెడుతున్నాం. ఏడాదంతా అంచుదాకా నీళ్లుంటే చూడ్డానికి బాగుంటుంది. కానీ బురద ఒడ్డు పోతే ఉల్లంకికి తిండి పోతుంది. జమ్ము, తుంగ పీకేస్తే నామాలకోడికి గూడు పోతుంది. మన పాత చెరువులు వానలకు నిండి, వేసవికి తగ్గేవి. నీరు వెనక్కి జరిగాక తేలిన శిఖం నేలలోనే ఈ పక్షులు మేత వెతుక్కునేవి.

ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది. 1987లో మొదలైన ఆ లెక్కలో ఎవరైనా చేరవచ్చు. గుంపులో పది పక్షులు ఎంత చోటు ఆక్రమిస్తాయో ముందు కంటికి అలవాటు చేసుకోవాలి, ఆ కొలతతో మిగతా గుంపును పదుల్లో లెక్కేయాలి. దాంతోపాటు ఏ పక్షి ఏ అంచున మేస్తోందో కూడా రాసుకోండి. మీ చెరువుకు సుందరీకరణ ప్లాన్ వచ్చిన రోజు ఆ నోట్‌బుక్ పట్టుకుని అధికారుల దగ్గరికి వెళ్లండి. ఒక్క వైపైనా ఏటవాలు మట్టి ఒడ్డు వదలమని అడగండి. నడకదారికి మిగతా వైపులు చాలు.