పిడికిలికి మొలిచిన మొన

తిరుత్తణి, తిరువళ్లూరు నుంచి లోకల్ బండెక్కి మద్రాసు పోయే మన తెలుగువాళ్లలో ఎగ్మూరు మ్యూజియంలో కంచు విగ్రహాలు చూసినవాళ్లు చాలామందే ఉంటారు. తంజావూరు కటారుల ముందు ఆగేవాళ్లే తక్కువ. 1855లో అక్కడి మరాఠా రాజ్యం ముగిశాక, ఆయుధాగారంలోంచి ఏరిన కొన్ని ఈ మ్యూజియానికి చేరాయి. మిగతావాటిలో చాలావరకు పాత ఇనుము కింద పోయాయి. తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

పాత బాకుల సేకరణ అనగానే అందరి చూపూ తుర్కీ వైపు పోతుంది. ఇస్తాంబుల్ తోప్‌కాపి మ్యూజియంలో పిడి మీద మూడు పెద్ద పచ్చలు పొదిగిన బాకు ఒకటుంది. సుల్తాన్ మహ్మూద్ దాన్ని నాదిర్ షాకు కానుకగా పంపాడు. 1747లో నాదిర్ షా హత్యకు గురవడంతో ఆ కానుక వెనక్కి తిరిగొచ్చింది. కుర్దుల ఖంజరుకు అంత హంగు ఉండదు. ఇరువైపులా పదునున్న వంపు అలుగు, నడుమ సన్నబడి రెండు కొసలా వెడల్పయ్యే కొమ్ము పిడి లేదా కర్ర పిడి.

మన కటారు కట్టుబడే వేరు. పిడికిలి పట్టే అడ్డకమ్ములు అలుగుకు అడ్డంగా ఉంటాయి. వాటి రెండు కొసల నుంచీ ముంజేతి పొడవునా చెరో పట్టీ వెనక్కి సాగుతుంది. గుద్దు గుద్దితే భుజం సత్తువంతా మణికట్టు దగ్గర చెదరకుండా నేరుగా మొనకు చేరుతుంది. గొలుసు కవచంలో దిగినా విరగకుండా చాలా కటారులకు మొన దగ్గర మందం పెంచేవారు.

దక్షిణాది పాత కటారుల్లో చేతి వెలుపలి భాగాన్ని కాచే రేకొకటి తెరచాపలా వంగి ఉంటుంది. దాని మీది జాలీ పని, యాళి ముఖాలు ముందుగా కంటిని లాగుతాయి. నాకు మాత్రం అసలు పనితనం అలుగు, పిడి కలిసే చోటే కనిపిస్తుంది. పిడిలోంచి వచ్చిన ఇనుప నాలుకలు అలుగును రెండు వైపులా కరిచి పట్టుకుంటాయి, రివెట్లు బిగిస్తాయి. దెబ్బ భారమంతా పడే ఆ చోటనే చెక్కడమూ చేశాడు కమ్మరి! అలుగు మీది సన్న గాడులు ఆ నాలుకల కిందికి దూరిపోతున్నాయా, చూడండి. ఓడల్లో దిగిన ఐరోపా కత్తులను కురచ చేసి బిగించిన కటారులు చాలా ఉన్నాయి. వాటిని పట్టిచ్చే ఆనవాళ్లలో అదొకటి.

ఉక్కు మాటకొస్తే, తెలంగాణలోని కోనసముద్రం నుంచి ఉక్కు దిమ్మెలు పర్షియా దాకా పోయేవి. ఆ రకం ఉక్కులో నీటి అలల్లాంటి చారలు లోహంలోనే ఉంటాయి. అరిగినా, మెరుగుపెట్టి పలచని ఆమ్లం పూస్తే మళ్లీ తేలతాయి. నకిలీ సరుకు మీద యాసిడ్‌తో తెప్పించిన చారలు పైపైవే, రుద్దితే పోతాయి. అలాగని పరీక్ష పేరుతో పాత కటారును సానకు ఇవ్వకండి, వయసు చెప్పే నలుపు కాస్తా పోతుంది. నూరేళ్లు దాటినవి 1972 చట్టం కింద పురావస్తువులు, ప్రైవేటు వ్యక్తులు వాటిని ఎగుమతి చేయకూడదు.